కొన్నాక చేతిలో ఏం మిగులుతుంది? సిస్టమ్, విండోస్, గేమ్స్ ఎంచుకునేవాళ్లకు నా లెక్క

సంక్రాంతికి నెల ముందు మా మేనల్లుడు వాట్సాప్‌లో మూడు పంపాడు. ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ లింకు, ఎవరో షాపాయన తెల్లకాగితం మీద రాసిచ్చిన అసెంబుల్డ్ సిస్టమ్ కొటేషన్ ఫొటో, ప్లేస్టేషన్ 5 లింకు. కింద ఒకే ముక్క: "మామయ్యా, 90 వేలు ఉన్నాయి. మూడింట్లో ఏది బెస్ట్?"

"హాస్టల్ గదిలో ఎంతమంది ఉంటారు? నీకంటూ టేబుల్ ఉందా, మంచం మీదే చదువుతావా?" అని తిరిగి అడిగాను. వాడికి ఒళ్లు మండింది. ప్రాసెసర్ గురించి అడిగితే ఈయన మంచం గురించి అడుగుతాడేంటని వాళ్లమ్మ దగ్గర గొణిగాడట.

నాకు ఇది ఉద్యోగం కాదు, పిచ్చి. 20 ఏళ్లుగా సిస్టమ్‌లు విప్పుతూ బిగిస్తూ ఉన్నాను. చుట్టాల్లో ఎవరు కంప్యూటర్ కొనాలన్నా, ఎవరిది చెడిపోయినా ముందు నాకే ఫోన్ వస్తుంది. ఇన్నేళ్లలో నేను చూసేది ఒక్కదానికి తగ్గింది. డబ్బు కట్టాక నా చేతిలో ఏం మిగులుతుంది? చెడితే విప్పి బాగుచేసుకోగలనా? వద్దనుకుంటే అమ్ముకోగలనా? కంపెనీవాడు రేపు మనసు మార్చుకుంటే నేను కొన్నది నా దగ్గరే ఉంటుందా? హార్డ్‌వేర్‌కి, విండోస్‌కి, గేమ్స్‌కి మూడింటికీ ఇవే అడుగుతాను. సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తాయన్న లెక్క ఆ తర్వాత.

ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా, కన్సోలా

ఇల్లు ఒకచోటే ఉండి, ఒక మూల టేబుల్ వేసుకునే వీలుంటే నా ఓటు డెస్క్‌టాప్‌కే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. 2018లో నేను బీ450 మదర్‌బోర్డ్ మీద రైజెన్ 5 2600 ప్రాసెసర్ పెట్టి సిస్టమ్ కట్టుకున్నాను. నాలుగేళ్ల తర్వాత అది నెమ్మదించిందనిపించింది. బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, పాత ప్రాసెసర్ తీసేసి 5600 పెట్టాను. బోర్డు అదే, ర్యామ్ అదే, క్యాబినెట్ అదే. తీసేసిన 2600ని పక్కింటి అబ్బాయి కొనుక్కున్నాడు, ఇప్పటికీ వాడుతున్నాడు. ల్యాప్‌టాప్‌లో ఇలాంటిది కలలో మాట. ఇప్పుడు కొత్తగా కట్టేవాళ్లు ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డు తీసుకోవడం మంచిదంటాను. ఆ సాకెట్‌కి కనీసం 2027 దాకా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ ఈ విషయంలో అంత ఓపిక చూపించదు. దాని బోర్డులు రెండు మూడు తరాలకే ముసలివైపోతాయి.

కానీ మావాడిది వరంగల్‌లో హాస్టల్. గదిలో ముగ్గురు, ఉన్న టేబుల్ ఒక్కటి. సెలవులకి ఖమ్మం వెళ్లాలంటే బస్సులో మానిటర్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. కాబట్టి వాడికి ల్యాప్‌టాప్ తప్పదు. అది ఓడిపోవడమేమీ కాదు. కాకపోతే ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మోసపోయే చోట్లు ఎక్కువ.

మొదటిది గ్రాఫిక్స్ కార్డు పేరు. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070లో 12 జీబీ మెమరీ ఉంటుంది. ల్యాప్‌టాప్ 4070లో 8 జీబీయే. 4090 అయితే డెస్క్‌టాప్‌లో 24, ల్యాప్‌టాప్‌లో 16. పేరొకటే, లోపలి చిప్ వేరు. పోనీ ల్యాప్‌టాప్‌కీ ల్యాప్‌టాప్‌కీ అయినా ఒకటేనా అంటే, అదీ కాదు. ల్యాప్‌టాప్ 4060కి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంత కరెంటివ్వాలో తయారీదారు ఇష్టం. సన్నగా, అందంగా ఉన్న మోడల్‌లో తక్కువిస్తారు, ఎందుకంటే వేడి పోయే దారుండదు. స్పెసిఫికేషన్ల పేజీలో అట్టడుగున టీజీపీ (గ్రాఫిక్స్‌కి ఇచ్చే కరెంటు, వాట్లలో) అని చిన్నగా రాసుంటుంది, అది చూడండి. కొన్ని మోడళ్లకి అసలు రాయనే రాయరు. రాయకపోతే ఆ పేజీ మూసేయడం మేలు. మంచి సరుకుంటే దాచుకోడు కదా.

రెండోది ర్యామ్. బోర్డుకే అతికించేశాడా, విడిగా స్లాట్లున్నాయా? ఒకప్పుడైతే "ముందు 8 జీబీ తీసుకో, తర్వాత వేయించుకోవచ్చు" అనేవాణ్ణి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లవాళ్లు మెమరీ అంతా ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధరలు చుక్కలు చూపిస్తున్నాయి. కాబట్టి ఇప్పుడు 16 జీబీతో వచ్చేదే తీసుకుని, ఒక స్లాట్ ఖాళీగా ఉందో లేదో కనుక్కోమన్నాను. ధరలు దిగినప్పుడు ఇంకోటి గుచ్చుకోవచ్చు. అతికించేసిన ర్యామ్ ఉన్నది మాత్రం ఎంత అందంగా ఉన్నా వద్దు.

మూడోది వేడి. మే నెలలో ఖమ్మంలో ఫ్యాన్ కింద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గేమ్ ఆడినవాడికి నేను చెప్పక్కర్లేదు. వెనక రెండు అంగుళాలు ఎత్తు పెట్టండి. ఏడాదికోసారి ఫ్యాన్ దుమ్ము తీయించండి. కూలింగ్ ప్యాడ్లకి వేలు పోయొద్దు, రెండు పాత నోటుపుస్తకాలు చాలు.

కన్సోల్ గురించి ఎక్కువ చెప్పను. టీవీ ఉండి, గేమ్ తప్ప ఇంకేం అక్కర్లేని వాడికి అదే చవక, అదే సుఖం. డ్రైవర్ల గోల లేదు, సెట్టింగుల గోల లేదు. కానీ తీసుకుంటే డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకోండి. డిస్క్ కొంటే ఆడి అమ్ముకోవచ్చు, ఫ్రెండ్‌తో మార్చుకోవచ్చు. డ్రైవ్ లేనిది కొన్న రోజు నుంచి మీకున్న కొట్టు ఒక్కటే, వాడు చెప్పిందే ధర. డబ్బు పెట్టి ఆడే గేమ్‌లని ఆన్‌లైన్‌లో ఆడాలంటే నెలచందా వేరే. బీటెక్ కుర్రాడికి కోడింగ్ కూడా చేసుకోవాలి కాబట్టి మావాడి విషయంలో దీన్ని మొదటి రోజే కొట్టేశాం.

ఒక ఎస్ఎంపీఎస్ కథ

అసెంబుల్డ్ కట్టించుకునేవాళ్లకి ఒక్క మాట, ఎందుకంటే ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, మా ఊళ్లో కంప్యూటర్ పిచ్చోళ్లకి తిరుపతి లాంటిది. మెట్ల మీదా, వరండాల్లోనూ అట్టపెట్టెలు తప్పించుకుంటూ నాలుగు షాపులు తిరిగి నాలుగు కొటేషన్లు తెచ్చుకోవడం ఒక ఆట. ఆన్‌లైన్‌లో రేటు చూసుకుని వెళ్తే బేరం కుదురుతుంది.

కొటేషన్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు మోడల్ నంబర్లతో సహా ఉంటాయి. అడుక్కి వచ్చేసరికి "క్యాబినెట్ విత్ ఎస్ఎంపీఎస్" అని ఒకే ముక్క ఉంటుంది. ఎస్ఎంపీఎస్ అంటే సిస్టమ్ మొత్తానికి కరెంటిచ్చే డబ్బా. షాపువాడికి డబ్బులు మిగిలేది అక్కడే. కాలేజీలో ఉన్నప్పుడు ఓ చిన్న షాపులో, పేరు ఎందుకులెండి, అలాగే తీసుకున్నాను. డబ్బా మీద 500 వాట్లని రాసుంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టిన మూడో రోజు రాత్రి 'ఠప్' మని శబ్దం, కాలిన వాసన, గదంతా చీకటి. మర్నాడు విప్పి చూస్తే మదర్‌బోర్డ్ మీద ఒక కెపాసిటర్ పూరీలా ఉబ్బింది. ఎస్ఎంపీఎస్ పోయి ఊరుకోలేదు, బోర్డుని కూడా తీసుకుపోయింది. చేతిలోకి తీసుకుంటే ఆ డబ్బా ఖాళీ టిఫిన్ క్యారియర్ అంత తేలిగ్గా ఉంది.

అప్పటి నుంచి షాపులో ఎస్ఎంపీఎస్ చేతిలోకి తీసుకుని బరువు చూస్తాను. ఇది శాస్త్రీయమైన పరీక్షేం కాదు, షాపువాళ్లు నవ్వుతారు కూడా. కానీ మంచి ట్రాన్స్‌ఫార్మర్, మంచి హీట్‌సింక్ ఉన్నది తేలిగ్గా ఉండదు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కనీసం ఉండాలి, విడిగా పెట్టెలో రావాలి, దానికి విడిగా వారంటీ ఉండాలి. దీని కోసం ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకున్నా తప్పులేదు. యూపీఎస్ కూడా అంతే. ఇళ్లల్లో ఎక్కువగా వాడే 600 వీఏ యూపీఎస్ మహా అయితే 360 వాట్లు మోస్తుంది. గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే అది కుయ్యోమని ఒక్క కేకేసి పడుకుంటుంది. గేమింగ్ సిస్టమ్‌కి 1000 వీఏ, ఆ పైనే చూడండి.

బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్‌టీ మిగులుతుందని కొందరు ఆశ పెడతారు. వద్దు. సీరియల్ నంబర్లతో బిల్లు లేకపోతే రెండో ఏడాది వారంటీ కోసం కాళ్లు పట్టుకోవాల్సి వస్తుంది. బిల్లు థర్మల్ కాగితం మీదైతే ఆ రోజే ఫొటో తీసి పెట్టుకోండి, ఏడాది తిరిగేసరికి తెల్లకాగితం అయిపోతుంది.

విండోస్, క్రాక్ విండోస్, లినక్స్

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్‌లో దాదాపు 8వ తరం తర్వాతి ప్రాసెసరే ఉండాలి. మా అక్కవాళ్లింట్లో ఐ5 6వ తరం సిస్టమ్ ఉంది. ఎస్ఎస్‌డీ వేశాక గుర్రంలా నడుస్తోంది. కానీ మైక్రోసాఫ్ట్ లెక్కలో అది తుక్కు. ఇలా పనిచేస్తున్న యంత్రాన్ని ఒక కాగితం చూపించి ముసలిదానివన్నందుకు నాకు వాళ్ల మీద కోపం ఉంది, దాచుకోను. ఇళ్లలో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే పథకం పెట్టారు, సెట్టింగుల్లోనే ఉంది. అప్పటిదాకా అది వాడుకోండి. ఆ తర్వాత లినక్స్, అంటే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్.

కొత్త ల్యాప్‌టాప్ కొనేవాడికి మామూలుగా ఈ ప్రశ్నే రాదు, విండోస్ చాలావరకు దాంతోనే వస్తుంది. చిక్కంతా అసెంబుల్డ్‌వాళ్లకి. షాపులో "విండోస్ ఎక్కించి ఇస్తాం, ఫ్రీ" అంటారు. అది ఎక్కడిదో మీకూ తెలుసు, వాళ్లకీ తెలుసు. చట్టం సంగతి ఒకసారి చెప్పుకుందాం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 63బీ సెక్షన్ ప్రకారం నకిలీ సాఫ్ట్‌వేర్ అని తెలిసీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి కాక సొంతానికి వాడుకున్నవాడి విషయంలో, తగిన కారణాలుంటే, కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టొచ్చు. పోలీసులు ఇంటికొచ్చి చూస్తారా అంటే, రారు. నా భయం పోలీసుల గురించి కాదు. యాక్టివేటర్, అంటే లైసెన్స్ లేకుండా విండోస్ నడిపించే దొంగ ప్రోగ్రామ్, నడపాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటాడు చూశారా, అదీ నా భయం. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి కుక్కని కట్టేసి తలుపు తీయమంటే తీస్తామా? అదే సిస్టమ్‌లో బ్యాంకు పని చేస్తాం, ఆధార్ పెట్టుకుంటాం. కాబట్టి కొనగలిగితే అసలు లైసెన్స్ కొనండి, లేదంటే లినక్స్ మింట్ వేసుకోండి.

లినక్స్ మీద నాకు ప్రేమ ఉంది గానీ అందరికీ అంటగట్టను. మా ఫ్రెండ్ ఒకడికి డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేస్తాడు. వాడి బతుకంతా పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లలో ఉంది. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిది, దాని తర్వాత అడోబీ ఇంకో పెద్ద వెర్షన్ తేలేదు. అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లకీ ఒకటే అయిన అక్షరాల పద్ధతి) కాదు, ఇంకోచోట తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, గీతలు కనిపిస్తాయి. 20 ఏళ్ల ఫైళ్లు అలా ఉన్నాయి వాడి దగ్గర. వాడికి లినక్స్ వేసుకోమనడమంటే షాపు మూసుకోమన్నట్టే. అయితే అదే పని మొదటి రోజు నుంచి పోతన, వేమన లాంటి యూనికోడ్ ఫాంట్లతో చేసి ఉంటే, ఇవాళ ఏ సిస్టమ్‌లోనైనా, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునేది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ కంటే ముందు, మీ ఫైల్ ఏ రూపంలో సేవ్ అవుతుందో చూసుకోండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థవాళ్లు తెలుగులోనే మెనూలు కనపడే లినక్స్ తయారుచేసినప్పుడు నేను సీడీ రాయించుకుని మరీ వేసుకున్నాను. 'దస్త్రం', 'సవరణ' అని మెనూల్లో చూసి ఇంట్లోవాళ్లు నవ్వారు గానీ, మా నాన్న మాత్రం ఎవర్నీ అడక్కుండా వాడింది అదొక్కటే.

గేమ్స్ ఆడేవాళ్లకి లినక్స్ మునుపటంత దూరం కాదు. 2018లో వాల్వ్ కంపెనీ ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాక, దాని ఆన్‌లైన్ గేమ్స్ కొట్టు స్టీమ్‌లోని విండోస్ గేమ్స్ చాలావరకు లినక్స్ మీద అలాగే నడుస్తున్నాయి. నడవనివి ముఖ్యంగా ఆటలో మోసం పట్టే యాంటీచీట్ ఉన్న ఆన్‌లైన్ గేమ్స్. వాలరెంట్ ఆడాలంటే లినక్స్ మర్చిపోండి, దాని యాంటీచీట్ వాన్‌గార్డ్ అక్కడ ఒప్పుకోదు. మావాడి హాస్టల్లో రాత్రి 10 దాటితే అందరూ ఆడేది అదే. అంతటితో ఆ చర్చ ముగిసింది.

స్టీమ్, జీఓజీ, నెలచందా, డిస్క్

నేను ఎక్కువ మాట్లాడేది, ఇంట్లోవాళ్లు ఆవులించేది ఇక్కడే.

నా అలమరలో ఒక పీసీ గేమ్ పెట్టె ఉంది. మొదటి జీతంతో కొన్నది. అట్ట అంచులు అరిగాయి, లోపల చిన్న పుస్తకం పసుపుపచ్చగా మారింది, దాని వెనక అట్ట మీద 20 అక్షరాల కీ స్టిక్కర్ ఇప్పటికీ స్పష్టంగా ఉంది. డిస్క్ మీద గీత కూడా లేదు. కానీ గేమ్ నడవదు. ఎందుకంటే ఒక కీతో మూడుసార్లే యాక్టివేట్ చేసుకోవచ్చని షరతు. నేనేమో ఏడాదికోసారి ఫార్మాట్ కొట్టే రకం. మూడు అయిపోయాయి. కంపెనీకి మెయిల్ పెడితే ఒకసారి ఇంకోటి ఇచ్చారు. తర్వాత ఆ మెయిల్ అడ్రసే పనిచేయడం మానేసింది. విచిత్రం ఏంటంటే అదే గేమ్‌ని 30 రూపాయల సీడీ మీద రాయించుకున్న నా రూమ్మేట్ ఏ ఇబ్బందీ లేకుండా ఆడాడు. డబ్బు పెట్టి కొన్నవాడికి తాళం, కొననివాడికి తలుపు బార్లా. ఈ తాళాలనే డీఆర్ఎం అంటారు.

ఇది పాతకాలం ముచ్చట కాదు. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల గేమ్‌ని తీసుకోండి. ఒంటరిగా ఆడాలన్నా సర్వర్‌తో మాట్లాడాల్సిందే, అలా కట్టారు. 2024 మార్చి 31న దాని కంపెనీ యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేసింది. డిస్క్ కొన్నవాడి దగ్గర డిస్క్ ఉంది, గేమ్ లేదు. ఆ కోపంలోంచే గేమ్స్‌ని చంపొద్దంటూ ఒక ఉద్యమం పుట్టి, యూరప్‌లో 10 లక్షలకి పైగా సంతకాలు పోగయ్యాయి. అంతకుముందు 2009లో అమెజాన్, కొన్నవాళ్ల కిండిల్ ఈ-రీడర్లలోంచి జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రాత్రికి రాత్రి మాయం చేసి డబ్బు వెనక్కిచ్చింది. హక్కులు లేనివాడు వాటిని అమ్మకానికి పెట్టాడని కారణం చెప్పారు. కారణం నిజమే. కానీ పుస్తకాల షాపువాడు అర్ధరాత్రి మనింట్లోకొచ్చి పుస్తకం తీసుకుని టేబుల్ మీద డబ్బు పెట్టిపోతే ఊరుకుంటామా?

ఇక కొట్లు. స్టీమ్‌లో 2015 నుంచి రూపాయల్లోనే ధరలున్నాయి, యూపీఐతో కట్టొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకంటే తక్కువ ఆడితే డబ్బు వెనక్కిస్తారు, సతాయించరు. సేల్ టైమ్‌లో బిర్యానీ ధరకి మంచి గేమ్స్ వస్తాయి. సుఖం అంటే ఇదే, నా గేమ్స్‌లో ముప్పాతిక వంతు అక్కడే ఉన్నాయి. కానీ 2024 నుంచి స్టీమ్ తన చెక్అవుట్ పేజీలోనే రాసి పెడుతోంది: నువ్వు కొంటున్నది గేమ్ కాదు, దానికి లైసెన్స్ అని. కాలిఫోర్నియాలో ఆ ముక్క దాచకుండా చెప్పాలని చట్టం వచ్చింది కాబట్టి. ఎప్పుడూ ఉన్నది అదే, ఇప్పుడు పైకి కనిపిస్తోంది. ఆ అకౌంట్ ఇంకొకరికి అమ్మడానికీ లేదు, రాసివ్వడానికీ లేదు. మా తాత నాకు చేతివాచీ ఇచ్చిపోయాడు. నేను నా స్టీమ్ లైబ్రరీని, రూల్ ప్రకారం, ఎవరికీ ఇవ్వలేను.

జీఓజీ అనే ఇంకో గేమ్స్ కొట్టు సంగతి వేరు. 2008లో పాత గేమ్స్‌ని కొత్త విండోస్‌లో నడిచేలా చేసి అమ్మడంతో మొదలైంది. అక్కడ కొంటే డీఆర్ఎం ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైల్ దించుకుని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే, రేపు జీఓజీయే మూతపడినా, ఇంటర్నెట్ లేకపోయినా గేమ్ ఇన్‌స్టాల్ అవుతుంది. అదీ చట్టప్రకారం లైసెన్సే అనుకోండి, కానీ ఫైల్ మీ ఇంట్లో ఉంది. నచ్చకపోతే 30 రోజుల్లోపు డబ్బు వెనక్కి. లోటు ఏంటంటే పెద్ద కంపెనీల కొత్త గేమ్స్ అక్కడికి ఆలస్యంగా వస్తాయి, కొన్ని రానే రావు. ఆన్‌లైన్ గేమ్స్ వెతుక్కోవడం దండగ.

నెలచందా పథకాల్ని తిట్టేవాళ్లలో నేను లేను. సెమిస్టర్ సెలవుల్లో నెల కట్టి, నాలుగు గేమ్స్ పూర్తిచేసి, కాలేజీ తెరిచే రోజున ఆపేస్తే అంతకంటే చవక బేరం లేదు. ఆపడం మర్చిపోతేనే అది బేరం కాదు. ఆటోపే పెట్టొద్దు. పైగా మీరు సగం ఆడిన గేమ్‌ని వాళ్లు జాబితాలోంచి తీసేస్తే అడగడానికి లేదు. అద్దె ఇంటికి సున్నం వేయించుకుంటామా మనం? ఇదీ అంతే అనుకుని ఆడండి.

నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఒంటరిగా ఆడే, మళ్లీ పదేళ్లకి ఆడాలనిపించే కథ ఉన్న గేమ్ అయితే ముందు జీఓజీలో వెతుకుతాను. పదో పరకో ఎక్కువైనా అక్కడే కొంటాను. ఫ్రెండ్స్‌తో ఆడేది, లేదా జీఓజీలో లేనిది అయితే స్టీమ్‌లో, అదీ సేల్ వచ్చేదాకా ఆగి. ఒకసారి చూసి వదిలేసే రకమైతే చందాలో. స్టోర్ పేజీలో డెనువో అనే డీఆర్ఎం పేరో, ఎప్పుడూ ఇంటర్నెట్ ఉండాలనో కనిపిస్తే పూర్తి ధర పెట్టను. తాళం వాడి చేతిలో ఉన్నప్పుడు మొత్తం ధర నేనెందుకివ్వాలి?

మరి క్రాక్, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ? కాలేజీ రోజుల్లో నేనేం పతివ్రతని కాదు, రాయించుకున్న సీడీలు సంచిలో పెట్టుకుని తిరిగినవాణ్ణే. అప్పట్లో డబ్బు ఎలా కట్టాలో కూడా తెలియదు, కార్డు లేదు, ధర డాలర్లలో. ఇప్పుడు ఆ సాకులు మిగల్లేదు. పైగా చిన్న చిన్న స్టూడియోలు, ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన గేమ్‌కి 300 రూపాయలు పెట్టలేమా? అయితే కొన్నవాడికున్న హక్కులు కూడా తెలుసుకోవాలి. మన చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, న్యాయంగా కొన్న కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి, పోతే పనికొస్తుందని బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. మరోవైపు 2012లో చేర్చిన 65ఏ, కాపీరైట్‌ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే నేరం అంటోంది, 2 ఏళ్ల దాకా జైలు. 'ఉద్దేశంతో' అన్న మాట అందులో ఉండడం నాకు కాస్త ఊరట. మరి నా అలమరలోని గేమ్‌కి నేను తాళం తీసుకుంటే ఏ ఉద్దేశం అంటారో, అది లాయర్లు తేల్చాలి.

అసలు బాధ ఇంకోటుంది. గురజాడ 1915లో పోయారు. మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్ల వరకే కాపీరైట్ కాబట్టి, ఆయన రాసింది ఇవాళ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. కాగితం మీద ఉంది గనక అది అప్పటిదాకా నిలిచింది. చట్టం సాఫ్ట్‌వేర్‌ని కూడా సాహిత్యం లెక్కలోనే వేసింది. మరి ఇప్పటి గేమ్ కాపీరైట్ తీరేనాటికి ఆ సర్వర్ ఎక్కడుంటుంది? 2023లో అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు ఏ కంపెనీ అమ్మడం లేదని తేలింది. వాటిలో మిగిలినవి కూడా చాలావరకు ఎవరో పిచ్చోళ్లు కాపీలు దాచబట్టే మిగిలాయి.

మావాడు చివరికి ల్యాప్‌టాపే కొన్నాడు. టీజీపీ రాసున్నది, ఒక ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉన్నది. లావుగా, వికారంగా, ఇటుకంత ఛార్జర్‌తో ఉంది. సంక్రాంతికి ఖమ్మం వెళ్లినప్పుడు వరండాలో చాప వేసి, వెనక మూత విప్పి స్లాట్ ఎక్కడుందో చూపించాను. విప్పితే వారంటీ పోదని కంపెనీ పేజీలో ముందే చూసుకున్నాం లెండి. స్క్రూలు స్టీలు గిన్నెలో వేస్తుంటే అక్క వచ్చి తలపట్టుకుంది. "కొని వారం కాలేదు, అప్పుడే విప్పేశారా ఇద్దరూ!"

సాయంత్రం బీరువా తెరిచి, ల్యాప్‌టాప్ బిల్లు మడతపెట్టి పట్టాదారు పాస్‌బుక్ ఉన్న కవర్లో పెట్టింది. ఆమె దగ్గరికి చేరిన కాగితం పోయిన చరిత్ర లేదు. "గేమ్స్‌కి కూడా డబ్బులు కట్టాడుగా, వాటి బిల్లులేవి?" అంది. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. కాసేపాగి వాడు లోపలికి వెళ్లి, జీఓజీ ఇన్‌స్టాలర్లు దించిపెట్టుకున్న హార్డ్ డిస్క్ తెచ్చి చేతిలో పెట్టాడు. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాత చేతిరుమాల్లో చుట్టి, పాస్‌బుక్ పక్కన పెట్టి తాళం వేసింది.